టిక్కు పెట్టి వదిలేసిన మూడు ఊళ్ళు

నాకు ఓర్వలేనితనం ఉందని మొదట కనిపెట్టింది నా భార్య. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "ఆ కడప పాప ఊసు పొద్దుటి నుంచి ఇది ఏడోసారి. ఇంగ ఆపి తిను" అంది. నేను ఆ అమ్మాయిని తిడుతున్నానే గానీ పొగడడం లేదు కదా అన్నాను. "పొగిడినా బాగుండు. ఇంత వివరంగా తిడతాండావంటే కడుపులో మంట శానా ఉండాది నీకు" అంది. నేను చేయి కడుక్కుని లేచిపోయాను. నిజం చెప్పిన మనిషి ఎదురుగా కూర్చుని తినడం కష్టం.

కర్నూలులో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో నెట్‌వర్క్ పని చూస్తాను. పేరుకు కంపెనీ గానీ దాని పుట్టుక కేబుల్ టీవీ. మా ఓనరుది తరతరాలుగా అంగడి పెట్టుకున్న కుటుంబం. వాళ్ళ నాయన మోటారు పంపులు అమ్మేవాడు. ఈయన ఆ అంగడి మిద్దె మీద డిష్షు పెట్టి ఇంటింటికీ కేబులు లాగాడు. తర్వాత అదే స్తంభాల మీద ఇంటర్నెట్ లాగాడు. నేను ఆ స్తంభాలెక్కిన వాళ్ళలో ఒకణ్ణి. ఎక్కుతూ ఎక్కుతూ వైర్ల సంగతి తెలిసింది, ఆ తర్వాత పుస్తకాలు కొనుక్కుని, చేతులు కాల్చుకుని రౌటర్ల పని నేర్చుకున్నాను. కాలేజీలో ఎవరూ నేర్పలేదు. అందుకే అదంతా నా సొంత ఆస్తి అనుకునేవాణ్ణి.

ఆస్తి అన్నాను కాబట్టి అదేమిటో చెప్పాలి. మాకు రెండు జిల్లాల్లో కలిపి పన్నెండు ఊళ్ళున్నాయి. ప్రతి ఊళ్ళో ఒక రౌటరు. ఏ అడ్రసుకు ఏ దారిన పోవాలో చెప్పే పెట్టె అది. ఒక ఊరి పెట్టెకు కొత్త దారి తెలిస్తే తక్కిన పదకొండింటికీ తానే స్వయంగా చెప్పాలి. విన్నది ఇంకొకరికి మోయకూడదని నియమం. చెప్పుడు మాటలు తిరిగి తిరిగి మొదలుపెట్టిన వాడికే చేరితే గందరగోళం కదా. అందుకని ప్రతి పెట్టెనూ ప్రతి పెట్టెతో కలిపి కట్టాలి. పన్నెండు ఊళ్ళకు అరవై ఆరు జతలు, ఒక్కో జతకూ రెండు వైపులా రాయాలి. ఒకవైపు రాసి రెండోవైపు మరిస్తే ఆ జత కలవదు. మా సీమలో పెళ్ళికి పిలవాలంటే ఇంటింటికీ పోయి బొట్టు పెట్టాలి, పక్కింటివాళ్ళతో కబురు పంపితే ఎవరూ రారు. నా పని అచ్చం అట్లాంటిదే.

ఈ అరవై ఆరు జతలకూ నా దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్కు ఉండేది. ఊరికొక పేజీ, అందులో తక్కిన పదకొండు ఊళ్ళు. రెండు వైపులా రాయడం అయ్యాక ఎర్ర పెన్నుతో టిక్కు. మా ఓనరు కంప్యూటర్ తెర మీది అక్షరాలను ఎన్నడూ నమ్మలేదు, ఆ నోట్‌బుక్కును నమ్మేవాడు. "ఆ పుస్తకం తీయప్పా, సూద్దాం" అనేవాడు. టిక్కు ఉంటే పని అయినట్టు. అంతే. ఎండాకాలం ఎక్కడన్నా లైను పోయి పదిమంది అరుస్తుంటే నేను ఆ పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించేవాణ్ణి. అందరూ నోరు మూసుకునేవారు. ఆ క్షణం కోసమే నేను ఉద్యోగం చేశానేమో అనిపిస్తుంది ఇప్పుడు.

ఆ కడప అమ్మాయిది సొంతూరు బద్వేలు. కడపలో చదివింది, బెంగళూరులో రెండేళ్ళు చేసింది, ఇంటికి దగ్గరగా ఉండాలని తిరిగి వచ్చి మా కడప ఆఫీసులో చేరింది. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. కీబోర్డు వైపు చూడకుండా టైపు చేస్తుంది. మొదటి నెలలోనే కడప వైపు ఊళ్ళన్నీ చక్కబెట్టింది. అందులో రెండేళ్ళ కిందట నేను ఫోన్లో చెప్పి రాయించిన తప్పులు నాలుగు ఉన్నాయి. నాకు ఫోన్ చేసి "అన్నా, ఇవి మార్చొచ్చా?" అని అడిగి మరీ మార్చింది. అడగకుండా మార్చి ఉంటే కోప్పడేవాణ్ణి. అడిగింది కాబట్టి కోపం రాలేదు. దానికి బదులు వచ్చింది వేరే.

ఒకరోజు మా ఓనరు నన్ను కారెక్కించుకుని కడప తీసుకుపోయాడు. దారిలో ఆళ్ళగడ్డ దగ్గర టీ తాగుతూ, "పాప ఏందో కొత్త పద్ధతి చెప్తాదంట, నువ్వూ ఇను" అన్నాడు. ఆయన నోట పాప అన్న మాట అప్పటికే నాకు ముల్లులా తగలడం మొదలైంది. కడపలో ఆ అమ్మాయి బల్ల మీద పన్నెండు టీ కప్పులు గుండ్రంగా పెట్టింది, మధ్యలో రెండు స్టీలు గ్లాసులు. అదే రూట్ రిఫ్లెక్టర్ పద్ధతి అని చెప్పింది. ప్రతి ఊరూ ప్రతి ఊరితో మాట్లాడనక్కర్లేదు. రెండు పెద్ద పెట్టెలు విడిగా పెడదాం, కర్నూలులో ఒకటి, కడపలో ఒకటి. వాటి గుండా ఇంటర్నెట్ పారదు, వార్తలు చెప్పడమే వాటి పని. ప్రతి ఊరూ తనకు తెలిసిన దారి ఆ రెండింటికీ చెబుతుంది, అవి తక్కిన అందరికీ చెబుతాయి. విన్నది మోయకూడదన్న నియమం ఆ రెండింటికి మాత్రం వర్తించదు.

"అంటే ఊరికి పెద్దమనిషి మాదిరి" అన్నాడు ఓనరు.

"అవును సార్."

"మల్ల ఇద్దరేంటికి?"

"ఒకాయనకు జొరమొస్తే ఇంగొకాయన ఉండాల కదా సార్. అందుకే ప్రతి ఊరినీ ఇద్దరికీ కట్టాల."

ఓనరు ఆ కప్పుల వైపు చూసి, నా వైపు చూసి, "ఇన్ని దినాలు మనకెవురూ చెప్పల్యాకపాయనే" అన్నాడు.

ఆ మాట ఎంత మామూలుగా అన్నాడో నాకు అంత లోతుగా దిగింది. ఇక్కడ ఒక నిజం రాయాలి. నాకు రూట్ రిఫ్లెక్టర్ సంగతి తెలియక కాదు. నాలుగేళ్ళ ముందే పుస్తకంలో చదివాను. చదివి, ఆ పేజీ తిప్పేశాను. అది వస్తే ఒక్కో ఊరికి రెండే గీతలు, నా నోట్‌బుక్కు ఒక్క పేజీకి వస్తుంది. ఒక్క పేజీ పుస్తకాన్ని ఎవరు తెరవమంటారు? ఆరోజు "నాకూ తెలుసు సార్" అనబోయాను. మరి ఎందుకు చేయలేదని అడుగుతాడు. అందుకని కప్పులో చల్లారిన టీ తాగి, "బాగుంది" అన్నాను. పొరుగింటి పుల్లకూర రుచి అని మనసులో తిట్టుకున్నాను.

మా నాయన గుర్తొచ్చాడు. నంద్యాల దగ్గర పల్లెలో మాది పాత చర్చి కుటుంబం. ప్రార్థన కూటం ఉందంటే మా నాయన ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చేవాడు. ఏ ఇంట్లో ఎవరికి జ్వరం, ఎవరు పత్తి చేనికి పోయారు, అన్నీ ఆయనకు తెలిసేవి. తర్వాత సంఘంవాళ్ళు చందా వేసుకుని మైకు సెట్టు కొన్నారు. ఒక్క కేకతో ఊరంతా వింటుంది. ఆ తర్వాత మా నాయన రెండు నెలలు చర్చికి ఆలస్యంగా వచ్చేవాడు. అడిగితే "మైకు ఇనపల్యా" అనేవాడు. మా ఇల్లు చర్చికి నాలుగడుగుల దూరం. అప్పుడు నవ్వుకున్నాను గానీ, కడప నుంచి తిరిగి వస్తూ కారులో నాకు నవ్వు రాలేదు.

ఆ కారులోనే ఓనరు ఇంకో మాట అన్నాడు. "ఈ పనంతా అయినాక రెండు జిల్లాలకూ కలిపి ఒకర్నే హెడ్డు చేస్తాప్పా. ఇద్దరు ముగ్గురు ఉంటే ఎవుర్నడగాలో తెల్దు." ఒకరు అంటే నేనే అని పదమూడేళ్ళుగా నేను అనుకుంటూ వచ్చాను. ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను. ఇప్పుడు మొదటిసారి ఆ ఒకరు ఇంకొకరు కావచ్చునని తెలిసింది. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటే ఏమిటో ఆ రాత్రి నుంచి తెలిసింది. ఆమెకు కొత్త ల్యాపుటాపు ఇచ్చారని తెలిస్తే నా పాతదాని మూత గట్టిగా వేసేవాణ్ణి. మా కర్నూలు లైన్‌మెన్ ఒకడు నన్ను కాదని నేరుగా ఆమెకు ఫోన్ చేశాడని తెలిసి వాడితో వారం రోజులు మాట్లాడలేదు.

మార్చే రోజు వచ్చింది. ఆదివారం పొద్దున, లైను మీద జనం తక్కువ. నేను చర్చి మానేసి ఆఫీసులో కూర్చున్నాను. మా కంపెనీలో మొదటి నుంచీ ఒక పద్ధతి ఉంది. కర్నూలు వైపు పెట్టెల్ని కర్నూలు చెయ్యే ముట్టాలి, కడప వైపువి కడప చెయ్యే ముట్టాలి. ఒకరి పాస్‌వర్డు ఒకరికి ఇవ్వరు. అంగట్లో ఒక గల్లాపెట్టెకు ఒకే చేయి అని ఓనరు వాళ్ళ నాయన పెట్టిన పద్ధతే రౌటర్లకూ వచ్చింది. అందువల్ల ఒకరి పెట్టెను ఒకరు తెరిచి చూడలేరు, ఫోన్లో "అయిపాయ" అంటే అయిపోయినట్టే.

నావి ఆరు ఊళ్ళు: కర్నూలు, నంద్యాల, ఆళ్ళగడ్డ, డోను, ఎమ్మిగనూరు, ఆదోని. ఒక్కో ఊళ్ళో పాత పదకొండు వరసలు తీసేసి కొత్తగా రెండు రాయాలి. మొదటి వరస కర్నూలు పెద్ద పెట్టెకు, రెండో వరస కడప పెద్ద పెట్టెకు. అవతల ఆమె తన పెట్టెలో నా ఆరు ఊళ్ళ పేర్లూ రాసుకోవాలి. తన ఆరు ఊళ్ళకూ ఆమె మొదట నా పెట్టెనే కట్టింది, తర్వాతే తనది. నా తెర మీద బద్వేలు, రాయచోటి, ప్రొద్దుటూరు ఒకటొకటిగా వచ్చి చేరుతుంటే చూశాను. నాకు సంతోషం కలగలేదు. ఈ మర్యాద కూడా నా కంటే ముందే చేసేసిందే అనిపించింది.

"నంద్యాల ఎట్లుండాది అన్నా?"

"అయిపాయ."

"ఆళ్ళగడ్డ?"

"అయిపాయ. కర్నూలూ అయిపాయ."

ఆ మూడూ నిజమే. తర్వాత ఆదోని. అది నేను మొట్టమొదట సొంతంగా నిలబెట్టిన ఊరు. పత్తి మిల్లు పక్కన రేకుల గదిలో మూడు రోజులు పడుకుని, ఉగ్గాని తిని, నీళ్ళు కొనుక్కుని నిలబెట్టాను. మొదటి వరస రాశాను. రెండో వరస దగ్గర చేయి ఆగింది. నా ఆదోని ఇకమీదట ఈమె పెట్టె మాట కూడా వినాలా అనిపించింది. ఎంత చిన్న ఆలోచన! కానీ వచ్చింది. నా పెట్టె ఎటూ పనిచేస్తుంది, రెండోది లేకపోతే ఎవరికి నష్టం అని సర్ది చెప్పుకున్నాను.

"ఆదోని అన్నా?"

"అయిపాయ" అన్నాను.

ఎమ్మిగనూరుకూ అంతే, డోనుకూ అంతే. అవీ నేను నిలబెట్టిన ఊళ్ళే. ఫోన్లో ఆమె కీబోర్డు చప్పుడు వినబడింది. తర్వాత "సరేన్నా" అంది. నేను నోట్‌బుక్కులో కొత్త పేజీ తీసి పన్నెండు ఊళ్ళకూ రెండేసి ఎర్ర టిక్కులు పెట్టాను. మూడు టిక్కులు దొంగవి. చూడడానికి మాత్రం అన్నీ ఒకేలా ఉన్నాయి.

వారం తర్వాత ముగ్గురం ఫోన్లో మాట్లాడుతుండగా ఆమె ఒక మాట అంది. "సార్, ఒకసారి కర్నూలు పెద్ద పెట్టె ఆపి సూద్దామా? అన్ని ఊర్లూ కడప మింద నిలబడతాయో లేదో తెలుస్తాది." ఓనరు గట్టిగా నవ్వాడు. "నడిచే మోటారును ఆపి, మల్ల నడుస్తాదా లేదా అని సూసేవాణ్ణి యాడన్నా సూసినావామ్మా? పుస్తకంలో టిక్కు ఉండాది కదా." నేను వెంటనే "అవును సార్" అన్నాను. కొంచెం ఎక్కువ గట్టిగానే అన్నాను. ఆమె ఇంకోసారి అడగలేదు.

ఆయుధపూజ రోజు మా ఓనరు నిచ్చెనలకూ, ఫైబరు అతికించే మిషనుకూ, రౌటర్లకూ బొట్లు పెడతాడు. నేను పూజకు దూరంగా నిలబడతాను, ఆయనా ఏమీ అనుకోడు, బొరుగుల ప్రసాదం మాత్రం పెడతాడు. ఆ ఏడు నా నోట్‌బుక్కు కూడా తీసుకొచ్చి పెట్టమన్నాడు. కొత్త పేజీ తెరిచి, సరిగ్గా ఆ టిక్కుల పక్కన కుంకుమ పెట్టాడు. "ఇది కూడా ఆయుధమేప్పా" అన్నాడు. ఆదోని వరస మీద కొంచెం కుంకుమ రాలింది. ఊదేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ రోజే కట్టేసి ఉండొచ్చు. మూడు ఊళ్ళు, మూడు వరసలు, ఐదు నిమిషాల పని. చాలాసార్లు కూర్చున్నాను కూడా. కానీ కూర్చున్న ప్రతిసారీ ఓనరు "పాప చెప్పింది" అని ఏదో ఒకటి అనేవాడు, నేను మళ్ళీ లేచిపోయేవాణ్ణి. ఆ మూడు వరసలు రాయకపోవడం నాకు మిగిలిన ఏకైక పట్టుదల అయిపోయింది. అది పట్టుదలని ఎవరికీ తెలియదు, నాకు తప్ప. అట్లా అనుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. కర్నూలు ఎండ గురించి నేను చెప్పనక్కర్లేదు. ఒకరోజు పొద్దున తొమ్మిదిన్నరకు మా గదిలో ఏసీ ఆగింది, పదింటికి కర్నూలు పెద్ద పెట్టె ఆగిపోయింది. కాలిన వాసన వచ్చింది. నేను వాసన చూస్తూ నిలబడ్డానే గానీ నాకు తెలుసు, ఇంకో నిమిషంలో ఫోన్లు మోగుతాయి, ఏ ఊళ్ళ నుంచి మోగుతాయో కూడా తెలుసు. తొమ్మిది ఊళ్ళు కడప పెట్టె మీద ఒరిగి నిలబడ్డాయి, వాడేవాళ్ళకు తెలియనే తెలియలేదు. ఆదోని, ఎమ్మిగనూరు, డోను చెవిటివైపోయాయి. వైరు బాగానే ఉంది, రోడ్డు ఉంది, ఏ దారిన పోవాలో చెప్పే నాథుడు లేడు.

ఆదోనిలో ఆరోజు ఒక కాలేజీలో కంప్యూటర్ల మీద ప్రవేశ పరీక్ష. మా లైను మీదే. పదింటికి మొదలు కావాల్సింది. కాలేజీ ఆయన ఫోన్ చేసి, "పిల్లోల్లు కూచోనుండారప్పా, తెర మింద చక్రం తిరగతానే ఉండాది. కొందరు ఏడుస్తాండారు" అన్నాడు. ఓనరు పరుగెత్తుకుంటూ వచ్చి నా వెనుక నిలబడ్డాడు.

నాకు జబ్బు తెలుసు. మందు తెలుసు. కానీ ఆయన చూస్తుండగా నేరుగా వెళ్ళి ఆ మూడు వరసలు రాస్తే, ఇన్నాళ్ళూ లేవని తెలిసిపోతుంది. తేలు కుట్టిన దొంగలా కూర్చుని వెతుకుతున్నట్టు నటించాను. ఫైబరు తెగిందేమో చూడమని ఆదోని లైన్‌మెన్‌కు చెప్పాను. ఆ మనిషి నలభై దాటిన ఎండలో కాలే స్తంభమెక్కి పెట్టె విప్పి, "అంతా బాగుండాది అన్నా" అన్నాడు. ఇంకో స్తంభం చూడమన్నాను. ఎక్కాడు. పది నిమిషాలు అట్లా గడిపాను. అక్కడ పిల్లలు తెర మీద తిరిగే ఆ చక్రం వైపు చూస్తూ కూర్చున్న పది నిమిషాలు అవి. ఓనరు ఫోన్ మాట్లాడడానికి బయటికి పోగానే ఆదోని పెట్టెలోకి వెళ్ళి, కడప పెట్టె పేరు ఉన్న ఆ వరస రాశాను.

ఇక్కడ నేను లెక్కలోకి తీసుకోనిది ఒకటి జరిగింది. జత కలవాలంటే రెండు వైపులా రాసి ఉండాలని చెప్పాను కదా. ఆ మూడు కలవలేదని ఆమె ఎన్నడూ అడగలేదు కాబట్టి తన వైపు రాయనే లేదనుకున్నాను. నా వైపు రాశాక ఆమెకు ఫోన్ చేసి, నీ వైపు చూడమ్మా అని ఏదో ఒక అబద్ధం చెప్పి రాయించుకోవాలనుకున్నాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నంబరు నొక్కేలోపే జత కలిసింది. ఆదోని లేచి కూర్చుంది. ఎమ్మిగనూరుకు రాశాను, వెంటనే కలిసింది. డోను కలిసింది. అంటే అవతలి వైపు ఆ ఆదివారం నుంచీ రాసే ఉంది. ఎనిమిది నెలలుగా ఆమె పెట్టె నా మూడు ఊళ్ళ తలుపు కొడుతూనే ఉంది, జవాబు రాలేదని రోజూ ఆమె తెర మీద కనబడుతూనే ఉంది.

ఓనరు లోపలికి వచ్చి స్పీకరు మీద ఆమెను కూడా కలిపాడు. "ఏమైండె?" అని అడిగాడు.

నేను చెప్పిన మాట ఇది: "కడప వైపు జతలు మూడు పడిపోయిండె సార్. మల్ల కట్టినా."

మాట నా నోట్లోంచి వచ్చేసింది. ముందే తయారుగా ఉన్నట్టు వచ్చింది. ఫోన్లో ఆ ఆదివారం నాటి కీబోర్డు చప్పుడే మళ్ళీ వినబడింది. ఇప్పుడు చెబుతుంది, చెప్పాలి, నేనైతే చెప్పేవాణ్ణి అనుకున్నాను.

"అవున్సార్. అన్న సరిజేసినాడు" అంది.

"సూసుకోవద్దామ్మా? దినామూ సూసుకోవాల కదా" అని ఓనరు ఆమెను కసిరాడు. నా భుజం తట్టాడు. "అనుభవమంటే ఇదప్పా. ఎంత చదివితే ఏముండాది." నెల తిరక్కుండా నన్ను రెండు జిల్లాలకూ హెడ్డు చేశాడు. ఆదోనిలో పిల్లలకు అరగంట ఎక్కువ సమయం ఇచ్చి పరీక్ష రాయించారని తర్వాత తెలిసింది. ఇంట్లో మటన్ వండారు. నా భార్య "ఇంగ ఆ పాపను తిట్టేది మానేస్తావా?" అని నవ్వింది. నేను ముక్క నమలలేకపోయాను.

హెడ్డుకు అన్ని పెట్టెల పాస్‌వర్డులూ ఉండాలి కాబట్టి కడప పోయాను. ఆమె ఒక కాగితం మీద రాసి బల్ల మీద పెట్టింది. ఎదురుగా కూర్చుంది. నేనే మొదలుపెట్టాను.

"ఎప్పుడు తెలిసె నీకు?"

"ఆ ఆదివారమే అన్నా. మీరు అయిపాయ అంటిరి, ఈడ రాల్యా. పొరపాటేమో, సాయంత్రానికి కడతారులే అనుకుంటి. మరుసటి దినం సూస్తే ఆ మూడే ల్యా. అప్పుడు తెలిసె."

"చెప్పొచ్చు కదమ్మా."

"చెప్తే సారు ఎవుర్ని నమ్ముతాడు? పుస్తకంలో టిక్కు ఉండాది. అందుకే ఒకసారి ఆపి సూద్దామంటి. అప్పుడన్నా మీరు భయపడి కడతారని."

నేను బల్ల మీది కాగితం మడత పెట్టి, మళ్ళీ విప్పాను.

"నాకు కోపం ల్యాదనుకోవద్దన్నా. శానా ఉండాది. ఆ పిల్లోల్ల పరీక్ష పోయింటే మీ పేరు చెప్పేదాన్నే. నేనూ తప్పు చేస్తి, ముందే గట్టిగా అడగల్యాకపోతి." ఆమె లేచింది. "మీ నోట్‌బుక్కు సూసే నేను మన ఊర్లన్నీ నేర్చుకుంటినన్నా. చేరినాక మొదటి వారం సారు దాని జిరాక్సు ఇచ్చె. అంత నీటుగా ఎవురూ రాయరు." నీళ్ళు తెస్తానని బయటికి పోయింది.

ఆమె అరిచి ఉంటే బాగుండేది. చాడీలు చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. ఆమెను తిట్టుకుంటూ హాయిగా బతికేవాణ్ణి. ఆమెకు తెలిసిన పని చూసి ఏడ్చాను ఇన్నాళ్ళూ. నాకు కోరిన కుర్చీ దొరికాక కూడా ఆ ఏడుపు పోలేదు, ఇప్పుడు ఆమె ఊరుకోగలిగినందుకు ఏడుస్తున్నాను. ఓనరుకు చెప్పాలని ఆ తర్వాత రెండుసార్లు ఆయన గది దాకా పోయాను. లోపలికి పోయి జనరేటరు డీజిలు సంగతి మాట్లాడి వచ్చాను.

ఆరోజు కడపలో ఆమె నీళ్ళు తెచ్చేలోపు ఆ కాగితం చూసి కడప పెద్ద పెట్టెలోకి మొదటిసారి వెళ్ళాను. ప్రతి ఊరికీ పక్కన గుర్తుగా ఏదన్నా రాసుకునే చోటు ఒకటి ఉంటుంది. దాన్ని రౌటరు పట్టించుకోదు, మనుషుల కోసమే. నంద్యాల పక్కన నంద్యాల అని ఉంది. బద్వేలు పక్కన బద్వేలు అని ఉంది. ఆదోని పక్కన, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట: ఆదోని, అన్న కడతాడు. ఎమ్మిగనూరు, అన్న కడతాడు. డోను, అన్న కడతాడు.

హెడ్డును నేను. ఆ మాటలు చెరపడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. చెరపలేదు. ఇప్పుడు కొత్త ఊరు చేరితే కడప వరసే ముందు రాస్తాను, తర్వాతే కర్నూలుది. రోజూ పొద్దున ఆఫీసుకు రాగానే ఆ తెర తెరిచి ఆ మూడు పేర్లూ చదువుతాను. అదే చోట, ఆమె ఊళ్ళ పక్కన, నేనైతే ఏమి రాసి ఉండేవాణ్ణో నాకు తెలుసు.